ఇంట్లో పాటలకు ఏ సరౌండ్ మోడ్? హాలు సర్దడం నుంచి మోడ్ ఎంపిక దాకా

ఏవీ రిసీవరు (అన్ని స్పీకర్లకూ శబ్దం పంచే పెట్టె), ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్‌వూఫరు హాల్లో పెట్టుకున్నవారు తరచూ అడిగే ప్రశ్న ఇది: సినిమా పెడితే రిసీవరు తనంతట తానే మోడ్ చూసుకుంటుంది, మరి పాటలకు ఏది పెట్టాలి? బటన్ నొక్కుతూ పోతే స్టీరియో, డైరెక్ట్, డాల్బీ సరౌండ్, న్యూరల్:ఎక్స్, హాల్, జాజ్ క్లబ్, ఆల్ ఛానల్ స్టీరియో అంటూ పేర్లు వస్తూనే ఉంటాయి.

వినబోయే పాట ఎన్ని ఛానళ్లలో, అంటే ఎన్ని విడి శబ్దపు పాయల్లో, తయారైందో తెలిస్తే సగం జవాబు దొరికినట్టే. మిగతా సగం మీ హాలు, మీరు కూర్చునే చోటు చెబుతాయి. స్పీకర్ల అమరిక తప్పుగా ఉన్నప్పుడు మోడ్లు మార్చి ప్రయోజనం లేదు కాబట్టి కింది వరుస తప్పకండి. మొదటి రెండు అంచెలకు ఒక పూట పడుతుంది. తర్వాతవన్నీ సోఫాలో కూర్చుని వింటూ చేసేవే.

## 1. ముందు హాలు సంగతి చూడండి

విజయవాడ పటమట అయినా, గుంటూరు లక్ష్మీపురం అయినా అపార్ట్‌మెంట్లలో హాలు తరచూ ఒకే తీరున ఉంటుంది. ఒక గోడకు టీవీ, ఎదురు గోడకు ఆనించిన సోఫా, ఒక పక్క డైనింగులోకి తెరుచుకున్న ఖాళీ, కింద నున్నటి టైల్స్. సరౌండ్ శబ్దానికి ఈ నాలుగింటిలో మూడు ఇబ్బంది పెట్టేవే.

సోఫా. గోడకు ఆనించి ఉంటే బేస్ ఉబ్బిపోతుంది, వెనక స్పీకర్లకు చోటుండదు. కనీసం అడుగున్నర ముందుకు జరపండి. ఇంట్లోవాళ్లు ఒప్పుకోకపోతే పాటలు వినేటప్పుడు మాత్రమే జరిపినా సరే.

ముందు స్పీకర్లు. ఎడమ, కుడి స్పీకర్ల మధ్య ఎంత దూరముందో, ఒక్కో స్పీకరు నుంచి మీ తలకు అంతే దూరం ఉండాలి. పురికొస తీసుకుని కొలిస్తే రెండు నిమిషాల పని. అలా పెడితే ఒక్కో స్పీకరు మీ ముక్కుసూటి గీతకు 30 డిగ్రీల పక్కకు వస్తుంది. టీవీ బల్ల మీద రెండింటినీ దగ్గరదగ్గరగా ఇరికిస్తే స్టీరియో అన్నదే ఉండదు.

సెంటర్ స్పీకరు. టీవీ కింద అరలో లోపలికి తోసి పెడతారు. అర అంచు దాకా ముందుకు లాగి, కింద రబ్బరు ముక్క పెట్టి, మూతి మీ చెవుల వైపు కాస్త ఎత్తండి. గొంతు బొంగురుగా ఉందన్న ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తీరిపోతాయి.

వెనక స్పీకర్లు. 5.1 అమరికలో, అంటే ఐదు స్పీకర్లు ఒక సబ్‌వూఫరు ఉన్నచోట, ఇవి ముక్కుసూటి గీత నుంచి 100–120 డిగ్రీల దగ్గర ఉండాలి. అంటే సరిగ్గా పక్కన కాదు, వీపు వెనకా కాదు. చెవి పక్క నుంచి కొంచెం వెనక్కి. ఎత్తు, కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తు నుంచి మహా అయితే రెండడుగుల పైదాకా. బిగించడానికి వచ్చిన మనిషి వైరు దాచడం తేలికని సీలింగు మూలన కొడతానంటాడు, ఒప్పుకోకండి. డైనింగు వైపు గోడ లేకపోతే స్టాండు మీద పెట్టండి.

నేల, కిటికీలు. హాలు మధ్యలో నిలబడి ఒక్క చప్పట కొట్టి వినండి. చప్పుడు ఆగిన తర్వాత కూడా గదిలో సన్నగా మోత మిగిలితే గోడలు, నేల ఎక్కువగా తిప్పికొడుతున్నాయన్నమాట. ముందు స్పీకర్లకూ సోఫాకూ మధ్య మందపాటి జంపఖానా పరచండి, కిటికీ అద్దాలకు బరువైన కర్టెన్లు వేయండి. ఇంత మోత ఉన్న గదిలో, ప్రతిధ్వని కలిపే హాల్ మోడ్ పెట్టడమంటే మోతకు మోత కలపడమే.

వైర్ల ధ్రువాలు. దీన్ని దాటేయకండి. స్పీకరు వైరులో ఒక పాయ మీద గీత గానీ ఎరుపు రంగు గానీ ఉంటుంది. ఆ పాయే రిసీవరు దగ్గరా స్పీకరు దగ్గరా ఎర్ర టెర్మినల్‌కు వెళ్లాలి. ఒక్క స్పీకరుకు తారుమారైనా గాయకుడి గొంతు మధ్యలో నిలవకుండా గదంతా చెదిరిపోతుంది, బేస్ పలచబడుతుంది. పైగా రెండు ఛానళ్ల పాటను అన్ని స్పీకర్లకూ పంచే అప్‌మిక్స్ మోడ్లు ఎడమ కుడి శబ్దాలను పోల్చి పనిచేస్తాయి కాబట్టి, ముందు నుంచి రావలసిన గొంతు ఎక్కణ్నుంచి వస్తోందో తెలియని పరిస్థితి వస్తుంది. వైరు చివర పురి విడిన రాగి పోగు ఒక్కటైనా పక్క టెర్మినల్‌ను తాకకుండా చూసుకోండి.

ఇక్కడిదాకా సరిచూసుకోవలసినవి:

- సోఫా గోడను తాకడం లేదు
- ముందు రెండు స్పీకర్లు, మీ తల కలిసి సమభుజ త్రిభుజం
- సెంటర్ మూతి చెవి వైపు
- వెనక స్పీకర్లు సీలింగుకు దూరంగా
- అన్ని వైర్లూ ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు

## 2. రిసీవరుకు కొలతలు నేర్పండి

డబ్బాలో వచ్చిన చిన్న మైకును చాలామంది తీయనే తీయరు. తీయండి. డెనాన్, మరాంజ్ రిసీవర్లలో ఆడిసీ, యమహాలో వైపావో, ఒన్‌క్యోలో అక్యూఈక్యూ, పయనీర్‌లో ఎంకాక్: పేరేదైనా పని ఒకటే. ఒక్కో స్పీకరు ఎంత దూరంలో ఉంది, ఎంత గట్టిగా వినిపిస్తోంది, గది ఏ స్వరాలను పెంచుతోంది అని కొలుస్తుంది.

1. మైకును సోఫాలో, మీ చెవి ఉండే ఎత్తులో, ట్రైపాడ్ మీద పెట్టండి. చేత్తో పట్టుకోకండి, దిండు మీద పడుకోబెట్టకండి.
2. ఫ్యాను, ఏసీ, కూలరు ఆపండి. మే నెలలో బెజవాడలో ఫ్యాను లేకుండా పావుగంట కూర్చోవడం శిక్షే. అయినా ఆపాల్సిందే, ఆ గాలి హోరు మైకులోకి వెళ్తుంది. రోడ్డు మీద హారన్లు సద్దుమణిగిన రాత్రివేళ అయితే ఇంకా మంచిది. పక్క ఫ్లాట్‌వాళ్లకు ముందే ఒక మాట చెప్పి మొదలుపెట్టండి.
3. కొలత అయ్యాక స్పీకరు సెట్టింగులు తెరవండి. ముందు స్పీకర్లను రిసీవరు 'లార్జ్' అని రాసుకుని ఉంటే 'స్మాల్' చేయండి, క్రాసోవర్ (ఎంత కింది స్వరాల నుంచి సబ్‌వూఫరుకు వెళ్లాలో చెప్పే అంకె) 80 హెర్ట్జ్ పెట్టండి. అరచేతంత చిన్న స్పీకర్లయితే 120 దాకా కావాలి.
4. దూరాలు చూడండి. స్పీకర్ల దూరాలు టేపు కొలతకు దగ్గరగా ఉండాలి. సబ్‌వూఫరు దూరం మాత్రం అసలుకన్నా ఎక్కువ చూపిస్తే మార్చకండి. దాని లోపలి ఎలక్ట్రానిక్స్ వల్ల అయ్యే ఆలస్యాన్ని రిసీవరు దూరంగా లెక్కగట్టింది.
5. నైట్ మోడ్, డైనమిక్ వాల్యూమ్ లాంటివి ఆపండి. పాటలో మెల్లని చోటును పెంచి, గట్టి చోటును తగ్గించి అంతా ఒకే ఎత్తున ఉంచుతాయవి.

మైకు లేని రిసీవరు అయితే దూరాలు టేపుతో కొలిచి చేత్తో ఎక్కించండి. శబ్దం ఒక్క అడుగు దాటడానికి దాదాపు ఒక మిల్లీసెకను పడుతుంది, అందుకే ఈ అంకెలు కావాలి. తర్వాత టెస్ట్ టోన్ పెట్టి, ఫోనులో సౌండ్ మీటర్ యాప్ తెరిచి, ఒక్కో స్పీకరునూ 75 డెసిబెల్స్‌కు తెండి. ఫోను అంకె అచ్చంగా సరైనది కాకపోయినా ఫరవాలేదు. ఐదు స్పీకర్లకూ ఒకే అంకె రావడమే మనకు కావలసింది.

డెనాన్, మరాంజ్ వాడేవారికి ఒక ముక్క. డైనమిక్ ఈక్యూ (మెల్లగా వింటున్నప్పుడు బేస్ పలచబడకుండా చూసేది) ఆన్‌లో ఉంటే దానికి పక్కనే రిఫరెన్స్ లెవెల్ ఆఫ్‌సెట్ అని ఉంటుంది. సున్నా సినిమాలకు ఉద్దేశించింది. ఇప్పటి సినిమా పాటల్లాగా మొదటి నుంచి చివరిదాకా గట్టిగా ఉండేవాటికి 15, హెచ్చుతగ్గులు బాగా ఉన్న కచేరీ రికార్డింగులకు 5 పెట్టండి. సున్నాలో వదిలేస్తే పాటలకు బేస్, వెనక స్పీకర్ల మోత అవసరానికి మించి పెరుగుతాయి.

## 3. పాటలో ఎన్ని ఛానళ్లున్నాయో తెలుసుకోండి

రిమోట్ మీద ఇన్ఫో లేదా స్టేటస్ బటన్ నొక్కండి. లోపలికి ఏం వస్తోందో రిసీవరు చూపిస్తుంది: రెండు ఛానళ్ల పీసీఎం (కుదించని డిజిటల్ శబ్దం), 5.1 డాల్బీ, అట్మాస్ (పైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ పద్ధతి) వగైరా. వీడియో పేరులో 5.1 అనో అట్మాస్ అనో రాసినంత మాత్రాన నమ్మకండి, ఈ తెర మీద ఉన్నదే లెక్క.

దారి కూడా ముఖ్యం. ఫోను నుంచి బ్లూటూత్‌లో పంపితే రిసీవరుకు అందేది రెండు ఛానళ్లే. ఆప్టికల్ తీగలో రెండు ఛానళ్ల పీసీఎం గానీ, కుదించిన 5.1 గానీ వెళ్తుంది, అట్మాస్ వెళ్లదు. టీవీలోని యాప్ నుంచి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని రిసీవరుకు పంపే దారి) ద్వారా వినేవారు టీవీ సౌండ్ అవుట్‌పుట్‌ను పీసీఎంలో కాక ఆటో, బిట్‌స్ట్రీమ్ లేదా పాస్‌త్రూలో పెట్టాలి. యాపిల్ మ్యూజిక్‌లో 2021 జూన్ నుంచి అట్మాస్ పాటలున్నాయి. వాటిని అట్మాస్‌గానే వినాలంటే యాపిల్ టీవీ 4కే లాంటి పెట్టెను హెచ్‌డీఎంఐతో కలపడం తిన్నని దారి.

రెండు ఛానళ్లని చూపించినా లోపల ఉన్నది మోనో కావచ్చు. ఘంటసాల, లీల, సుశీల పాడిన నలుపు తెలుపు కాలపు పాటలు చాలావరకు మోనోయే. ఒకే శబ్దం ఎడమకూ కుడికీ సమానంగా వెళ్తుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. డాల్బీ సరౌండ్ మోడ్ పెట్టి, అందులో సెంటర్ స్ప్రెడ్ (సెంటర్ శబ్దాన్ని పక్క స్పీకర్లకూ పంచేది) ఆపి, ఎడమ ముందు స్పీకరు జాలీకి చెవి ఆనించండి. పాటంతా సెంటర్‌లోకి వెళ్లిపోయి ఇక్కడ దాదాపు ఏమీ వినబడకపోతే అది మోనో. ఎక్కడో ఒక వయొలినో తబలానో మిగిలి ఉంటే స్టీరియో.

## 4. మోడ్లన్నీ నాలుగు రకాలే

పేర్లు ఎన్ని ఉన్నా చేసే పనిని బట్టి చూస్తే భయపడాల్సిందేమీ లేదు.

ఉన్నది ఉన్నట్టు: స్టీరియో, డైరెక్ట్, ప్యూర్ డైరెక్ట్. స్టీరియోలో గది సవరణ (మైకు కొలతను బట్టి రిసీవరు చేసే దిద్దుబాటు), సబ్‌వూఫరు పనిచేస్తాయి. డైరెక్ట్‌లో టోన్ కంట్రోళ్లు, చాలా రిసీవర్లలో గది సవరణ కూడా పక్కకు తప్పుకుంటాయి. ప్యూర్ డైరెక్ట్ అయితే రిసీవరు ముందు తెర సైతం ఆరిపోతుంది. కొన్నింటిలో సబ్‌వూఫరూ ఆగుతుంది. పేరులో స్వచ్ఛత ఉందని దీన్నే మేలైనదనుకునేవారున్నారు. టైల్స్ పరిచిన హాల్లో, చిన్న స్పీకర్లతో, గది సవరణ లేకుండా వినడం అంత స్వచ్ఛంగా ఏమీ ఉండదు. నన్నడిగితే పెద్ద నిలువు స్పీకర్లు ఉన్నవారికి తప్ప స్టీరియోయే మంచిది.

విడదీసి పంచేవి: డాల్బీ సరౌండ్, పాత రిసీవర్లలో ప్రో లాజిక్ 2 మ్యూజిక్, డీటీఎస్ వైపు నియో:6 మ్యూజిక్, న్యూరల్:ఎక్స్. వీటిని అప్‌మిక్సర్లంటారు. ఎడమ కుడి రెండింట్లోనూ ఒకేలా ఉన్న శబ్దాన్ని, అంటే సాధారణంగా గొంతును, సెంటర్‌కు పంపుతాయి. రెండింటి మధ్య తేడాగా ఉన్నదాన్ని, అంటే ఎక్కువగా ప్రతిధ్వనినీ చప్పట్లనూ, వెనక్కి పంపుతాయి. కొత్తగా ఏదీ కల్పించవు, ఉన్నదాన్నే వడ్డిస్తాయి.

కల్పించేవి: హాల్, జాజ్ క్లబ్, స్టేడియం, చర్చి. రికార్డింగులో లేని ప్రతిధ్వనిని లెక్కగట్టి కలుపుతాయి. తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కచేరీ విన్నవారెవరూ హాల్ మోడ్ విని అదే అనుభూతి అనరు. రికార్డింగులో ఆ గది మోత ముందే ఉంటుంది, దానిపైన ఇది రెండోది.

అన్నిట్లో అదే వాయించేవి: ఆల్ ఛానల్ స్టీరియో, మల్టీ ఛానల్ స్టీరియో, పార్టీ. ఎడమ స్పీకరులోది ఎడమ వెనక, కుడి స్పీకరులోది కుడి వెనక మళ్లీ వినిపిస్తుంది.

## 5. ఏ పాటకు ఏది

మోనో పాటలు. స్టీరియో పెట్టి మధ్యలో కూర్చోండి. గొంతు రెండు స్పీకర్ల నడుమ నిలబడుతుంది. సెంటర్ స్పీకరు మిగతావాటికి దీటైనది అయితే అప్‌మిక్సర్ పెట్టి ఒక్క సెంటర్‌లోంచే వినడం కూడా బాగుంటుంది, ఒకే చోట నుంచి వచ్చిన పాట ఒకే చోట నుంచి వినిపిస్తుంది. చిన్న సెంటర్‌తో మాత్రం వద్దు.

పాత పాటను తర్వాత స్టీరియో అని మార్చి విడుదల చేసినవి వేరు. వాటిలో కృత్రిమంగా కలిపిన తేడా ఉంటుంది, అప్‌మిక్సర్ దాన్నంతా వెనక్కి తోస్తుంది. క్యాసెట్టు నుంచి ఎక్కించినవాటిలో 'స', 'శ' అక్షరాలు వెనక స్పీకర్లలోంచి చురుక్కుమంటాయి. 128 కేబీపీఎస్ పాత ఎంపీ3లలో వెనక నుంచి గలగలమనే చప్పుడు వస్తుంది. ఈ మూడింటికీ మారుమాట లేకుండా స్టీరియో.

కర్ణాటక కచేరీలు. ఒక్కరే వింటుంటే స్టీరియో. గొంతు మధ్యలో, వయొలిన్ ఒక పక్క, మృదంగం ఒక పక్క స్పష్టంగా ఉంటాయి. నలుగురు సోఫాలో వరుసగా కూర్చుంటే లెక్క మారుతుంది. అంచున ఉన్నవాళ్లకు స్టీరియోలో గొంతు దగ్గరి స్పీకరులోకి జారిపోతుంది. డాల్బీ సరౌండ్ పెడితే గొంతు సెంటర్ స్పీకరులో నిలుస్తుంది, ఎక్కడ కూర్చున్నా ముందు నుంచే వినిపిస్తుంది. అప్‌మిక్సర్ వల్ల ఇంట్లో నిజంగా కలిగే లాభం ఇదే. దీన్ని వదిలేసి వెనక నుంచి ఎంత శబ్దం వస్తోందని చూసేవారే ఎక్కువ.

స్టీరియో సినిమా పాటలు. డాల్బీ సరౌండ్‌కు ఇవి బాగా నప్పుతాయి, ముఖ్యంగా కోరస్, తీగవాద్యాలు విశాలంగా పరిచిన పాటలు. గొంతు మరీ ఇరుకుగా అనిపిస్తే సెంటర్ స్ప్రెడ్ ఆన్ చేయండి. న్యూరల్:ఎక్స్ వెనక్కి, పైకి మరింత ఎక్కువ పంపుతుంది; ఒకట్రెండు పాటలకు సరదాగా ఉంటుంది, గంటసేపు వింటే నాకు అలసటగా ఉంటుంది.

5.1, అట్మాస్ పాటలు. ఏదీ కలపకండి. డైరెక్ట్ లేదా ఆటో పెడితే రిసీవరు వచ్చినదాన్ని వచ్చినట్టు ఆయా స్పీకర్లకు పంపుతుంది. డీవీడీ ఆడియో, ఎస్ఏసీడీల బహుళ ఛానల్ ట్రాకులకూ ఇదే. పైకప్పు స్పీకర్లు లేకపోయినా అట్మాస్ పాట వినవచ్చు, పై శబ్దాలు ఉన్న స్పీకర్లలోకే వస్తాయి.

ఇంటి నిండా చుట్టాలు. గృహప్రవేశమో సంక్రాంతి భోజనాలో ఉన్నప్పుడు ఎవరూ ఒకచోట కూర్చుని వినరు. ఆల్ ఛానల్ స్టీరియో అందుకే ఉంది. వాల్యూమ్ తక్కువలో ఉన్నా హాలంతా సమానంగా వినిపిస్తుంది. అయితే ఐదు స్పీకర్లూ గంటల తరబడి పనిచేస్తే రిసీవరు వేడెక్కుతుంది. తలుపులున్న టీవీ క్యాబినెట్‌లో, పైన సెట్‌టాప్ బాక్సు మోస్తూ ఉంటే ఎండాకాలంలో రక్షణ సర్క్యూట్ దాన్ని ఆపేస్తుంది. తలుపులు తీసి ఉంచండి, పైన ఏమీ పెట్టకండి.

తెల్లవారుజామున సుప్రభాతం. మెల్లగా వినేటప్పుడు స్టీరియో, డైనమిక్ ఈక్యూ ఆన్. సబ్‌వూఫరు కింద మందపాటి ఫోమ్ ముక్క పెడితే కింది ఫ్లాట్‌కు వెళ్లే అదురు కొంత తగ్గుతుంది.

సౌండ్‌బార్ వాడేవారికి: మ్యూజిక్ లేదా స్టాండర్డ్ మోడ్ చాలు. వర్చువల్ సరౌండ్ పాటలకు ఆపేయండి, గొంతు బోలుగా తయారవుతుంది.

## 6. పోల్చి వినే పద్ధతి

గట్టిగా వినిపించేదే బాగున్నట్టు చెవికి తోస్తుంది. ఆల్ ఛానల్ స్టీరియోకు మారగానే శబ్దం పెరుగుతుంది, ఓహో అనిపిస్తుంది. ఆ తేడా తీసేయకుండా పోలిస్తే ఎప్పుడూ అదే గెలుస్తుంది.

1. బాగా తెలిసిన ఒక పాటలో గొంతు, తాళవాద్యం, బేస్ మూడూ ఉన్న అరనిమిషం ముక్క ఎంచుకోండి.
2. స్టీరియోలో పెట్టి, సౌండ్ మీటర్ యాప్‌లో సగటు అంకె రాసుకోండి.
3. మోడ్ మార్చి, అదే అంకె వచ్చేలా వాల్యూమ్ సర్దండి. ఎంత తగ్గించారో రాసుకోండి.
4. ఇంట్లో ఒకరికి రిమోట్, ఆ అంకెలు ఇచ్చి, ఏ మోడో చెప్పకుండా మార్చమనండి. మీరు కళ్లు మూసుకుని వినండి.
5. గొంతు ఎక్కడుంది, పలుకు తేటగా ఉందా, తాళం దెబ్బ స్ఫుటంగా ఉందా, వెనక స్పీకరు అక్కడుందని తెలిసిపోతోందా చూడండి. చివరిదానికి జవాబు అవును అయితే ఆ మోడ్ సర్దాలి లేదా వదిలేయాలి.

ఇక్కడ ఫ్యాను వేసుకునే వినండి. రోజూ అలాగే వింటారు కదా. ఫ్యాను హోరులో సన్నని ప్రతిధ్వనులు ఎలాగూ మునిగిపోతాయి, వాటి కోసం వెనక స్పీకర్లు పెంచుకుంటూ పోవద్దు.

## 7. సర్దుబాట్లు

ఒకసారికి ఒక్కటే మార్చండి.

- వెనక స్పీకర్లు దృష్టి లాగుతుంటే పాటలకు 2–3 డెసిబెల్స్ తగ్గించండి.
- ప్రో లాజిక్ 2 మ్యూజిక్‌లో సెంటర్ విడ్త్ 0 నుంచి 7 దాకా ఉంటుంది. 0లో గొంతంతా సెంటర్‌లో, 7లో పూర్తిగా ఎడమ కుడి స్పీకర్లలో. 3 దగ్గర మొదలుపెట్టండి.
- అందులోనే డైమెన్షన్ శబ్దాన్ని ముందుకో వెనక్కో జరుపుతుంది. ఒక మెట్టు ముందుకు చాలు.
- పనోరమా ముందు శబ్దాన్ని పక్కలకు లాగి చుడుతుంది. ఆపి ఉంచండి.

## 8. ఇలా వినిపిస్తే ఇది చూడండి

గొంతు సన్నగా, డబ్బాలోంచి వచ్చినట్టు: సెంటర్ స్పీకరు చిన్నది. సెంటర్ స్ప్రెడ్ ఆన్ చేయండి, దాని క్రాసోవర్ పెంచండి.

గొంతు వెనక నుంచి వస్తోంది: ఒక ముందు స్పీకరు వైరు తారుమారైంది, లేదా ఆ పాట కృత్రిమ స్టీరియో.

బేస్ మాయమైంది: డైరెక్ట్ మోడ్‌లో ఉన్నారు. స్టీరియోకు మారండి.

బేస్ ఒకే స్వరం మీద మోగుతోంది: సబ్‌వూఫరు మూలన ఉంది. దాన్ని తాత్కాలికంగా సోఫా మీద మీరు కూర్చునే చోట పెట్టి, బేస్ పాట వేసి, గోడల వెంబడి చెవి కిందికి వంచి తిరగండి. ఎక్కడ సమంగా వినిపిస్తే అక్కడ పెట్టండి.

5.1 పాట రెండు ఛానళ్లుగానే చూపిస్తోంది: టీవీ అవుట్‌పుట్ పీసీఎంలో ఉంది, లేదా బ్లూటూత్‌లో వింటున్నారు.

మోడ్ మార్చినా తేడా లేదు: రిసీవరులో వెనక స్పీకర్లు 'నన్' అని నమోదై ఉండవచ్చు. మైకు కొలత మళ్లీ చేయండి.

## 9. బటన్లకు ఎక్కించండి

డెనాన్, మరాంజ్‌లలో క్విక్ సెలెక్ట్, యమహాలో సీన్ బటన్లున్నాయి. ఇన్‌పుట్, మోడ్ కలిపి ఒక్కో బటన్‌కు గుర్తు పెట్టించవచ్చు. వాల్యూమ్ కూడా గుర్తుంచుకునే మోడళ్లున్నాయి. మొదటి దానికి స్టీరియో, రెండోదానికి డాల్బీ సరౌండ్, మూడోదానికి ఆల్ ఛానల్ పెట్టండి. నాలుగోది సినిమాలకు వదలండి. రిమోట్ వెనక చిన్న కాగితం అంటించి ఏ బటన్ దేనికో తెలుగులో రాస్తే, మీరు ఇంట్లో లేనప్పుడు పాటలు పెట్టుకునేవారు ఫోను చేసి అడగనక్కర్లేదు.